సైనైడ్ దిబ్బ ఏ రంగు?



పోయిన వారం మనవరాలు బొమ్మకు రంగు వేస్తా ఉండింది. ఆకాశం నీలం, చెట్టు పచ్చ, సైనైడ్ దిబ్బ బూడిద రంగు. "దిబ్బను చూసి వేసినావా అమ్మా?" అంటే, "చూసేదేముంది తాతా, అందరికీ తెలుసు కదా" అనింది. ఆ మాట మీదే ఈ పొద్దు రాస్తున్నాను. నేను తమిళ మీడియంలో చదివినవాణ్ణి, తప్పులుంటే మన్నించండి.

ఫ్రాన్సులో గోబెలిన్ అనే నేత కార్ఖానాలో అద్దకం విభాగానికి షెవ్రోల్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు అధికారి. అక్కడి నల్ల నూలు వెలవెలబోతోందని ఫిర్యాదు వచ్చింది. పరీక్షిస్తే అద్దకంలో లోపం లేదు, పక్కనున్న రంగు వల్ల నలుపు అట్లా కనిపిస్తా ఉంది. ఏ రంగూ ఒంటరిగా ఉండదు, పొరుగును బట్టి మారుతుందని 1839లో పుస్తకమే రాశారు. పట్టుచీరకు రవిక గుడ్డ ఎంచే మన ఆడవాళ్ళకు ఇది తెలిసిన సంగతే.

తర్వాత మోనే మొదలైన చిత్రకారులు గది వదిలి ఎండలోకి వచ్చినారు. 1874లో పారిస్‌లో వాళ్ళ మొదటి ప్రదర్శన. జనం నవ్వినారు. మోనే ఒకే గడ్డివామిని పొద్దున, సాయంత్రం, మంచులో మళ్ళీ మళ్ళీ వేసినారు. వామి ఒకటే, రంగులు వేరే. నీడ అంటే నలుపు కాదు, అందులో నీలం, ఊదా ఉన్నాయని చూపించినారు.

మన తెలుగువాళ్ళకూ ఇట్లాంటి గురువు దొరికినారు. రాజమండ్రి ఆర్ట్స్ కాలేజీ ప్రిన్సిపాల్ ఆస్వల్డ్ కూల్డ్రే. ఇంగ్లీషు దొర అయినా, పిల్లల్ని గోదావరి ఒడ్డున ప్రకృతిని చూసి గీయమని ప్రోత్సహించినారు. అడివి బాపిరాజు గారు, దామెర్ల రామారావు గారు ఆయన శిష్యులే. 1897లో పుట్టిన దామెర్ల, బొంబాయి జె.జె. స్కూల్లో చదివి, రాజమండ్రికి తిరిగొచ్చి చిత్రకళాశాల పెట్టినారు. 1925లో మశూచి ఆయన్ను తీసుకుపోయింది. ఇరవై ఏడేళ్ళే! అయినా విద్య ఆగలేదు, మిత్రుడు వరదా వెంకటరత్నం గారు దాన్ని నిలబెట్టినారు.

నేను రైల్వేలో గుమాస్తాగా ఉన్నవాణ్ణి. ఎరుపు, పచ్చ తేడా తెలియకపోతే బండి నడిపే ఉద్యోగం రాదు. కంటికి చదువు ఎంత అవసరమో అక్కడే తెలుసుకున్నాను.

అందుకే సంఘానికి ఒక మనవి. ఈసారి పిల్లల పోటీకి అచ్చు బొమ్మలు పంచవద్దు. క్యాసంబళ్ళి పిల్లల్ని ఒక ఆదివారం మారికుప్పం వైపు తీసుకుపోదాం. దిబ్బ మీదికి కాదు, ఆ దుమ్ము మంచిది కాదు. దూరంగా చెట్టు కింద కూర్చోబెడదాం. ఎరుపు, పసుపు, నీలం, తెలుపు, ఈ నాలుగే ఇద్దాం. కలిపిన రంగును కాగితం ముక్క మీద పూసి, దిబ్బ వైపు ఎత్తిపట్టి చూడమందాం. సరిపోకపోతే మళ్ళీ కలపమందాం. పొద్దున ఒకటి, సాయంత్రం ఒకటి వేయిద్దాం.

గనులు 2001లో మూతపడినాయి. మన తాతలు పాతాళం నుంచి తవ్విపోసిన మన్నే ఆ దిబ్బ. దాన్ని "బూడిద రంగు" అని ఒక్క మాటలో తోసేస్తే ఎట్లా? నిన్న సాయంత్రం నేనే పోయి చూసినాను. ఎండ పడిన పక్క లేత పసుపు, చాటు పక్క ఊదా. అరవై ఏళ్ళు దాని పక్కనే బతికి, నిన్ననే చూసినాను.

మీ ఇంటి పిల్లల పేర్లు కింద రాయండి. రంగుల ఖర్చు నాది.