కాండిడా ఆరిస్
రక్తంలో చేరి ప్రాణం తీయగల ఈస్ట్. 2009లో జపాన్‌లో ఒక రోగి చెవి స్రావం నుంచి గుర్తించారు. ఢిల్లీలో బయటపడ్డ దీని కేసుల వివరాలు 2013లో ప్రచురితమయ్యాయి. 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని అత్యంత ప్రమాదకర శిలీంధ్రాల జాబితాలో చేర్చింది.

ఫ్లూకోనజోల్‌కు ఇది చాలావరకు లొంగదు. ఈస్ట్ పొరకు కావలసిన ఎర్గోస్టెరాల్ తయారీని ఆ మందు ఆపాలి. ఈఆర్‌జీ11 జన్యువు మారితే ఆ తయారీకి కావలసిన ఎంజైమ్ రూపు మారి, మందు దానికి సరిగా అతుక్కోదు. కణంలోకి వచ్చిన మందునూ పంపులు బయటికి తోసేస్తాయి. అందుకే ముందుగా కాస్పోఫంజిన్ వంటి మందులు వాడతారు. ఐసీయూ మంచాల కమ్మీల మీదా ఈ ఈస్ట్ రోజుల తరబడి బతుకుతుంది.

భీమడోలు వైపు వరిచేలలో పాముపొడ తెగులుకు వాడే హెక్సాకొనజోల్, ప్రోపికొనజోల్ కూడా ఫ్లూకోనజోల్ లాగే అజోల్ మందులే. పొలాల అజోళ్ల వల్ల ఆస్పర్‌జిల్లస్ బూజు మొండికెత్తినట్టు యూరప్‌లో ఆధారాలున్నాయి. అందుకే ఈస్ట్‌లపైనా అలాంటి నిఘా అత్యవసరం.