నమ్మిన నంబర్లే ముంచాయి

1992. అమెరికా, జార్జియా రాష్ట్రంలోని ఏథెన్స్. వేసవొస్తే ఆ ఊళ్లో ఉక్కపోతకి చొక్కా ఒంటికి అంటుకుపోతుంది. కంప్యూటర్ గదుల్లో మాత్రం ఏసీ చలి, ఫ్యాన్ల హోరు. తెర మీద ఓ అంకె పడింది.

తప్పు.

శాస్త్రవేత్తలు ఫెరెన్‌బర్గ్, లాండౌ, వాంగ్ ముందున్నది చిన్న లెక్కే. పదహారు వరసలు, వరసకి పదహారు గళ్లు. గడికో బుల్లి అయస్కాంతం, పైకో కిందికో చూస్తూ. మొత్తం 256. వాటి శక్తి ఎంతుండాలో 1969 నుంచీ కచ్చితంగా తెలుసు. కంప్యూటర్ అంతకన్నా తక్కువ చెబుతోంది. ఇంకాసేపు నడిపితే? నడిపేకొద్దీ లెక్కలో ఊగిసలాట తగ్గింది. తేడా మాత్రం బండరాయిలా కదల్లేదు.

అనుమానం ముందు ఆ లెక్కకి వాడిన వుల్ఫ్ పద్ధతి మీదకి పోతుంది. 1989లో వచ్చింది, కొత్తది. ఏదో ఒక అయస్కాంతాన్ని పట్టుకుని, పక్కది కూడా అటే చూస్తుంటే ఒక ర్యాండమ్ నంబరు తీసి, అది హద్దు లోపల పడితే దాన్నీ గుంపులో కలుపుకుని, దాని పక్కవాటి దగ్గరికి వెళ్లి, మళ్లీ నంబరు తీసి, మళ్లీ కలుపుకుని, ఇక పెరగదన్న క్షణాన గుంపు మొత్తాన్నీ ఒక్క దెబ్బతో తలకిందులు చేసేస్తుంది. పద్ధతిని ముట్టుకోలేదు. నంబర్లిచ్చే యంత్రాన్ని మార్చారు. 16807తో గుణించుకుంటూ పోయే పాత రకం, నిపుణులు నాసిరకమనే సరుకు. జవాబు సరిపోయింది!

అయితే దొంగ ఆర్‌250.

కిర్క్‌పాట్రిక్, స్టోల్ 1981లో పరిచయం చేసిన జనరేటర్ అది. మెరుపు వేగం. మంచి పేరు. 250 అడుగుల వెనకటి నంబరునీ, 103 అడుగుల వెనకటి నంబరునీ తీసుకుంటుంది. బిట్టుకి బిట్టు పోలుస్తుంది. ఒకటే అయితే 0, వేరైతే 1. కొత్త నంబరు రెడీ. కానీ ఆ పాత రెండూ చిన్నవై, పై బిట్లు సున్నాలైతే? పుట్టేదానికీ పై బిట్లు సున్నాలే. వుల్ఫ్ పద్ధతి అడుగడుగునా వేసే ప్రశ్న ఒక్కటే: ఈ నంబరు చిన్నదా?

గుంపుల సైజు అక్కడే చెడింది. ఈ దోషం అన్ని పద్ధతుల్లోనూ ఇంతలా పైకి తేలదు, అదీ భయపెట్టే సంగతి. జవాబు ముందే తెలిసిన లెక్క కాబట్టి పట్టుబడింది. తెలియని లెక్కల్లో ఎవరు పట్టుకుంటారు? ఆ డిసెంబర్‌లో ఫిజికల్ రివ్యూ లెటర్స్‌లో ముగ్గురూ గట్టిగానే రాశారు. జనరేటర్ ఎన్ని పరీక్షలు గట్టెక్కినా సరే, వాడబోయే పద్ధతితో కలిపి మళ్లీ పరీక్షించాల్సిందే.

మరి ఆ పరీక్షలకే పదును పెడితే? 2007లో మాంట్రియల్ నుంచి పియెర్ లెక్యుయే, రిషార్ సిమార్ టెస్ట్‌యూ01 అనే సి భాషా లైబ్రరీని వివరంగా ప్రకటించారు. అందులో అన్నిటికన్నా కఠినమైన బిగ్‌క్రష్‌లో 106 పరీక్షలు. గంటలకొద్దీ నడుస్తుంది. అన్నీ నెగ్గితే చివర్న ఒక్క ముక్కలో చెప్పేస్తుంది. ఓడితే పరీక్ష పేరు, పక్కనే పీ-విలువ. మరీ ఘోరంగా ఓడితే విలువ బదులు ‘ఈపీఎస్’ అని మూడక్షరాలు, అంటే 10 పవర్ మైనస్ 300 కన్నా తక్కువ.

ఆర్‌250 ఆ జల్లెడ దాటలేదు.