డిష్ చూసే దిక్కు

తెలుగు పల్లెల్లో ఉపగ్రహ టెలివిజన్ సంకేతాన్ని నేరుగా అందుకున్న తొలి యాంటెన్నాలు పడమటి ఆకాశాన్ని చూశాయి. 1975 ఆగస్టు 1న మొదలై 1976 జూలై 31న ముగిసిన ‘సైట్’ అనే ఉపగ్రహ బోధనా టెలివిజన్ ప్రయోగం కోసం అమెరికా అంతరిక్ష సంస్థ నాసా తన ఏటీఎస్-6 ఉపగ్రహాన్ని 35 డిగ్రీల తూర్పు రేఖాంశం మీద, అంటే తూర్పు ఆఫ్రికాకు ఎగువన నిలిపింది. అందువల్ల హైదరాబాద్ ప్రాంతం నుంచి చూస్తే అది పడమర నుంచి కొద్దిగా నైరుతికి, దిగంతం నుంచి దాదాపు 37 డిగ్రీల ఎత్తులో ఉండేది. ఆంధ్రప్రదేశ్ సహా ఆరు రాష్ట్రాల్లోని సుమారు 2,400 గ్రామాల్లో పది అడుగుల వెడల్పున్న యాంటెన్నాలను ఆ దిక్కుకు వంచి నిలబెట్టారు. వాటి సెట్లను తయారు చేసింది హైదరాబాద్‌లోని ఈసీఐఎల్ కాగా, తెలుగు కార్యక్రమాలు రూపొందిన కేంద్రమూ హైదరాబాదే.

ఆ యాంటెన్నా పళ్లెం కోళ్ల ఫారాలకు కట్టే ఇనుప జాలీతో చేసినది. ప్రసారం 860 మెగాహెర్ట్‌జ్ పౌనఃపున్యంలో జరిగేది కాబట్టి తరంగం పొడవు సుమారు 35 సెంటీమీటర్లు ఉండేది. జాలీ కన్నాలు అంతకంటే ఎన్నో రెట్లు చిన్నవి కావడం వల్ల తరంగం వాటిగుండా జారిపోకుండా, రేకు మీద పడ్డట్టే పరావర్తనం చెందేది. అంత పొడవైన తరంగాన్ని వాన అడ్డుకోలేదు. పళ్లెం చూపు కూడా ఎనిమిది డిగ్రీల మేర విశాలంగా ఉండేది గనుక గాలికి కాస్త కదిలినా బొమ్మ నిలిచేది. విద్యుత్తు లేని ఊళ్లలో సెట్లు బ్యాటరీల మీదే నడిచాయి; బొమ్మ రాకపోతే ఆకాశాన్ని అనుమానించే ముందు బ్యాటరీని చూడవలసిన కాలమది.

ప్రయోగం ముగిశాక ఆ ఉపగ్రహం వెళ్లిపోయింది. 1983లో కక్ష్య చేరిన ఇన్‌శాట్-1బీ సంకేతాన్ని దూరదర్శన్ తన ట్రాన్స్‌మిటర్ల ద్వారా తిరిగి ప్రసారం చేయడంతో ఇంటి మీద మామూలు కడ్డీల యాంటెన్నాయే సరిపోయింది. పళ్లెం మేడల మీదికెక్కసాగింది 1991లో, ఆసియాశాట్-1 నుంచి స్టార్ చానళ్లు రావడం మొదలైనప్పుడు. ఆ ఉపగ్రహం 105.5 డిగ్రీల తూర్పున ఉండడంతో ఈసారి డిష్‌లన్నీ ఆగ్నేయం దాటి తూర్పుకు మొగ్గాయి. సీ-బ్యాండ్ అనే, సుమారు 4 గిగాహెర్ట్‌జ్ దగ్గరి పౌనఃపున్యంలో వచ్చే ఆ బలహీన సంకేతానికి పెద్ద డిష్ కావలసి వచ్చింది. అందువల్ల అది కేబుల్ ఆపరేటర్ మేడ మీదే ఉండి, స్తంభాల మీదుగా లాగిన తీగ ఇళ్లకు చేరింది. మార్చి తొలి భాగంలోను, సెప్టెంబరు చివరి నుంచి అక్టోబరు తొలి భాగం వరకూను, ఉదయం పది గంటల ప్రాంతంలో సూర్యుడు సరిగ్గా ఉపగ్రహం వెనుకకు వచ్చినప్పుడు, అతని రేడియో శక్తి ఆ బలహీన సంకేతాన్ని ముంచివేసి, వీధి మొత్తానికీ కొన్ని నిమిషాలపాటు బొమ్మ చుక్కలుగా మారేది. దానికి ఆపరేటర్ చేయగలిగింది ఏమీ లేకపోయినా తిట్లు మాత్రం అతనికే పడేవి; ఇది అన్యాయమనే చెప్పాలి.

ఇంటింటి డిష్‌కు దారి తెరిచింది 2000 నవంబరులో డీటీహెచ్‌కు, అంటే ఉపగ్రహం నుంచి నేరుగా ఇంటికే అందే ప్రసారానికి, కేంద్రం ఇచ్చిన అనుమతి. 2003లో తొలి ప్రైవేటు సేవ, 2004 డిసెంబరులో దూరదర్శన్ ఉచిత సేవ వచ్చాయి. సుమారు 12 గిగాహెర్ట్‌జ్ దగ్గరి కేయూ-బ్యాండ్ వాడడంతో డిష్ రెండడుగులకు కుదించుకుపోయింది. కానీ తరంగం పొడవు రెండున్నర సెంటీమీటర్లకు తగ్గడంతో చూపు కూడా మూడు డిగ్రీలకు ఇరుకైంది, వాన చినుకు దాన్ని పీల్చి, చెదరగొట్టగలిగింది. పది అడుగుల జాలీ సహించిన కదలికను రెండడుగుల రేకు సహించలేకపోవడం ఈ చరిత్రలో ముఖ్యమైన మలుపు. సంకేతం డిజిటల్ అయినందువల్ల పాతకాలపు చుక్కలు పోయి, బొమ్మ ముందు గళ్లుగా చెదిరి, ఆపై ఒక్కసారిగా ఆగిపోవడం మొదలైంది.

ఈ మార్పుతో మరమ్మతు చేసేవారి చూపు కూడా మారింది. సెట్‌టాప్ బాక్స్ తెరపై ‘స్ట్రెంత్’, ‘క్వాలిటీ’ అనే రెండు పట్టీలు కనిపిస్తాయి. వీటిలో మొదటిది డిష్ ముందు కొమ్ము చివర ఉండే ఎల్‌ఎన్‌బీ, అంటే సంకేతాన్ని పెంచి తక్కువ పౌనఃపున్యానికి మార్చి తీగలోకి పంపే పరికరం, పని చేస్తోందని మాత్రమే తెలుపుతుంది. డిష్ వేరే దిక్కు చూస్తున్నా అది నిండుగానే ఉండవచ్చు. సరైన ఉపగ్రహం దొరికిందని చెప్పేది రెండోదే. రెండూ సున్నా అయితే అనుభవమున్న మెకానిక్ డిష్‌ను ముట్టడు. తీగ చివర మర విప్పి, నీరు దిగి నల్లబడిన రాగి మొనను కత్తిరించి, కొత్త కనెక్టర్ బిగిస్తాడు. మొదటిది నిండుగా ఉండి రెండోది పడిపోతే తుప్పు పట్టిన బోల్టును, ఎల్‌ఎన్‌బీ మూతిలో కందిరీగ పెట్టిన గూడును, డిష్ పెట్టిన నాటికి లేని కొబ్బరి మట్టను వెతుకుతాడు.

ఈ లెక్క ఇంటి హద్దు దాటిన సందర్భం 2010 జూలైలో వచ్చింది. 93.5 డిగ్రీల తూర్పున ఉన్న ఇన్‌శాట్-4బీ సౌర ఫలకాల్లో విద్యుత్ లోపం తలెత్తి సగం ట్రాన్స్‌పాండర్లు, అంటే సంకేతాన్ని అందుకుని తిరిగి కిందికి పంపే పరికరాలు, ఆగిపోవడంతో దక్షిణాదిలో విస్తరించిన సన్ డైరెక్ట్ అనే డీటీహెచ్ సంస్థ తన ప్రసారాన్ని 91.5 డిగ్రీల మీసాట్-3 ఉపగ్రహానికి మార్చవలసి వచ్చింది. ఆ ఇళ్లలో డిష్‌కు గానీ తీగకు గానీ పెట్టెకు గానీ ఏ లోపమూ లేదు. అయినా హైదరాబాద్‌లో ప్రతి డిష్‌నూ దాదాపు నాలుగు డిగ్రీలు దక్షిణానికి తిప్పి, మరో డిగ్రీన్నర దాకా పైకెత్తాలి. పెట్టెలోని సాఫ్ట్‌వేర్‌ను ఆకాశం నుంచి మార్చవచ్చు గానీ మేడ మీది బోల్టును మార్చలేరు కాబట్టి, ఆ పని స్పానర్ పట్టుకున్న మనిషి ఒక్కో ఇంటి మెట్లెక్కి చేయవలసినదే అయింది.