చౌడు నేలలో గోధుమ

క్రీ.పూ. 3500 ప్రాంతంలో దక్షిణ మెసొపొటేమియాలో గోధుమ, బార్లీ ఇంచుమించు సమానంగా పండేవి. కాలువ నీరు పారీ పారీ అడుగునున్న ఉప్పు పైకి తేలింది. క్రీ.పూ. 1700 నాటికి గోధుమ దాదాపు కనుమరుగై, ఉప్పుకు ఎక్కువ ఓర్చుకునే బార్లీ మిగిలింది. 1958లో పరిశోధకులు జాకబ్‌సెన్, ఆడమ్స్ చెప్పిన ఈ కథను తర్వాత కొందరు శంకించారు. కాలువ వెంటే చౌడు వస్తుందన్న సంగతి మాత్రం మనకూ అనుభవమే.

పశ్చిమ యమునా కాలువ కింద 19వ శతాబ్దంలోనే పొలాలు తెల్లబడ్డాయి. 1876లో ప్రభుత్వం రేహ్ (నేలపై తేలే చౌడు ఉప్పు) కమిటీ వేసింది. లెదర్ అనే రసాయన శాస్త్రవేత్త జిప్సం చల్లి చూశాడు. మందు పనిచేసింది, ఖర్చే రైతుకు అందలేదు.

1969లో హర్యానాలోని కర్నాల్‌కు కేంద్ర లవణ నేలల పరిశోధన సంస్థ వచ్చాక దారి దొరికింది. సోడియం ఎక్కువైన కారుచౌడు మట్టి గడ్డను గ్లాసు నీళ్ళలో వేస్తే కరిగి బురదగానే ఉంటుంది, ఎంతసేపటికీ తేరుకోదు. సోడియం మట్టి రేణువులను విడదీయడమే కారణం. అలాంటి నేలలో తొలి తడికే నీళ్ళు నిలిచి గోధుమ పసుపెక్కుతుంది. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని తరిమితే, నిలవగట్టిన నీరు దాన్ని కిందికి దింపుతుంది. అందుకే ముందు వరి, ఆ వెనక గోధుమ. మనకు బాగా తెలిసిన జీలుగను వరికి ముందు కలియదున్నితే, అది కుళ్ళేటప్పుడు పుట్టే ఆమ్లం నేలలోని సున్నాన్ని కరిగించి కాల్షియం అందిస్తుంది.

విత్తనం మాత్రం రైతులదే. రాజస్థాన్‌లోని పాలీ జిల్లా ఖార్చీ ప్రాంతపు నాటు గోధుమ ఖార్చియా తరతరాలుగా చౌడులో నెగ్గుకొచ్చింది. శాస్త్రవేత్తలు దాన్ని సంకరపరచి 1990లో కేఆర్‌ఎల్ 1-4, 2000లో కేఆర్‌ఎల్ 19 రకాలను తెచ్చారు. ఈ వరసలో ఎక్కువ ఘనత ఎవరిదంటే, పేరు మిగలని ఆ రైతులదే అంటాను.

ఇప్పుడు వంతు సూక్ష్మజీవులది. జీవన ఎరువులుగా అమ్మే కొన్ని బాక్టీరియాలు ఉప్పు ఒత్తిడికి వేళ్ళలో పెరిగే ఇథిలీన్‌ను తగ్గించి వేరు ఎదుగుదలను కాపాడతాయి. మంచిదే. కానీ అవి నేలలోని సోడియాన్ని బయటికి పంపవు. మామూలు ఉప్పు పేరుకున్న పాలచౌడుకు జిప్సంతో పనిలేదు, ఉప్పు కడిగే నీరు, అది పోయే కాలువ చాలు. కారుచౌడుకు జిప్సం తప్పదు. మట్టి పరీక్ష చేయించి మీది ఏ చౌడో తేల్చుకున్నాకే జీవన ఎరువు సీసా కొనండి.