కాళ్ల కింద పగిలిన వాతావరణ కేంద్రం

1938 ఫిబ్రవరి 1. ఉదయం ఎనిమిది. గడియారం చెప్పబట్టి ఉదయం అనుకోవాలి, బయటంతా చీకటే. గ్రీన్‌లాండ్ తూర్పు తీరానికి ఎడంగా సముద్రం మీద తేలుతున్న మంచుపలక. దాని మీద ఓ గుడారం. లోపల కిరోసిన్ దీపం పొగ, ఆరని బొచ్చుకోట్ల వాసన, నలుగురు మనుషులు, వెస్యోలీ అనే కుక్క. ఆరు రోజులుగా గాలి ఈడ్చి కొడుతూనే ఉంది. ఆ హోరులోంచి ఇంకో చప్పుడు పైకి లేచింది. ఈసారి కింది నుంచి.

లాంతర్లు పట్టుకుని బయటికి ఉరికారు. ముఖాల మీద మంచుపొడి ఛెళ్లుమని కొట్టింది. నాలుగడుగులు వేస్తే గానీ అర్థం కాలేదు. నిన్నటిదాకా తెల్లగా పరుచుకున్న నేల మీద నల్లటి గీత. గీత కాదది, నీళ్లు. పలక బీటలు వారింది. అవతలి ఒడ్డున సరుకుల నిల్వలు రెండు, పరికరాల కొట్టు కళ్లముందే దూరం జరుగుతున్నాయి. కిలోమీటర్ల కొద్దీ ఉన్న పలకలో వీళ్లకు మిగిలింది 300 మీటర్ల పొడవు, 200 మీటర్ల వెడల్పు ముక్క. వెనక్కి తిరిగి గుడారం వైపు చూశారు. సన్నటి పగులు దాని కిందికే పాకుతోంది.

అసలు వీళ్లు అక్కడికి ఎందుకెళ్లినట్టు?

గాలిని కొలవడానికి. ఆకాశం సంగతి తెలుసుకోవడానికి. మాస్కో నుంచి ఉత్తర ధ్రువం మీదుగా అమెరికాకు ఆగకుండా విమానాలు నడపాలని సోవియట్ ప్రభుత్వం పట్టుబట్టి కూర్చున్న రోజులవి. దారిలో మేఘమెంత, గాలి ఎటు అని అడుగుదామంటే చెప్పే నాథుడు లేడు. ధ్రువం దగ్గర నేల లేదు. ఉన్నదల్లా సముద్రం, దాని మీద కదిలే మంచు. ఆ మంచు మీదే కేంద్రం పెడదామన్నారు. పిచ్చి ఆలోచనే. కానీ పెట్టారు.

1937 మే 21న పైలట్ వొదొప్యానొవ్ తన నాలుగింజన్ల విమానాన్ని ధ్రువం దాటించి, సుమారు మూడు మీటర్ల మందం మంచు మీద దింపాడు. సరిగ్గా అప్పుడే విమానంలోని రేడియో మూగబోయింది. దక్షిణాన రుడాల్ఫ్ దీవిలో ఎదురుచూస్తున్న వాళ్లకు గంటలు గడిచినా కబురు లేదు. దిగారా? కూలిపోయారా? చివరికి రేడియో ఆపరేటర్ ఎర్న్‌స్ట్ క్రెంకెల్ మంచు మీద తన సొంత సెట్టు విప్పి, స్తంభం నాటి, తీగ కట్టి పలికించాకే అవతల వాళ్లకు ప్రాణం లేచొచ్చింది. జూన్ 6న విమానాలు వెళ్లిపోయాయి. క్రెంకెల్, నాయకుడు ఇవాన్ పపానిన్, సముద్ర పరిశోధకుడు ప్యోత్ర్ షిర్షోవ్, వాతావరణం, అయస్కాంత శక్తి, నక్షత్ర గణన అన్నీ నెత్తినేసుకున్న 27 ఏళ్ల యెవ్‌గెనీ ఫ్యోదొరోవ్ మిగిలారు. కింద నాలుగు కిలోమీటర్లకు పైగా లోతు.

పని మొదలైంది. రోజుకు నాలుగుసార్లు పాదరసం చూడాలి, బ్యారోమీటర్ చూడాలి, గాలి వేగం రాసుకోవాలి. ఆ అంకెల్ని క్రెంకెల్ పంపాలి. గాలిమర తిరిగితే కరెంటు. తిరగకపోతే వంతులవారీగా ఒంటిబలంతో జనరేటరు తిప్పాలి. ఎండైనా, పొగమంచైనా, ఒంట్లో బాగోకపోయినా నాలుగు పూటలూ తప్పవు.

రెండు వారాలు తిరక్కుండానే అసలు పరీక్ష వచ్చింది. పైలట్ వలేరీ చ్కాలొవ్ అమెరికా వైపు మాస్కోలో బయల్దేరాడు. గుడారంలో ఎవరూ సరిగా నిద్రపోలేదు. జూన్ 19 తెల్లవారుజామున పైనెక్కడో ఇంజను మోత వినిపించింది. నలుగురూ బయటికొచ్చి తలలెత్తారు. పైన మేఘాలే. మోత దగ్గరైంది, నెత్తిమీదుగా సాగింది, సన్నగిల్లింది. విమానం మాత్రం కంటపడలేదు. 63 గంటలు ఎగిరి, మర్నాడు అది అమెరికా పడమటి తీరంలో వాంకూవర్ ఊళ్లో దిగింది. జులైలో గ్రోమొవ్ కూడా దాటాడు. ఆగస్టులో లెవనేవ్‌స్కీ వంతు. ధ్రువం దాటాక ఒక ఇంజను ఆగిపోయిందన్న కబురు అందింది. ఆ తర్వాత సెట్టులో గరగర తప్ప ఏమీ లేదు. క్రెంకెల్ వారాల తరబడి చెవులు రిక్కించి కూర్చున్నాడు. ఆ విమానంలోని ఆరుగురిలో ఒక్కరి జాడ కూడా ఈనాటికీ దొరకలేదు.

ఈ హడావుడిలో పత్రికలకు పట్టని విషయం ఫ్యోదొరోవ్ పుస్తకంలో పోగుపడుతూ వచ్చింది. అప్పటిదాకా చాలామంది నిపుణులది ఒకటే మాట: ధ్రువం మీద చల్లని బరువైన గాలి కదలకుండా కూర్చుని ఉంటుంది, ఎప్పుడూ అధిక పీడనమే, తుఫాన్లు అటు రావు. కూర్చుని రాసినవాళ్ల మాట అది. అక్కడికెళ్లి నిలబడితే తెలిసింది వేరు. బ్యారోమీటర్ పడుతోంది, లేస్తోంది, మళ్లీ పడుతోంది. అల్పపీడనాలు ఒకదాని వెనక ఒకటి నడుచుకుంటూ వస్తున్నాయి. నడివేసవిలో ఏకంగా వాన కురిసింది. పలకంతా నీటిమడుగులై, సామాను అటూ ఇటూ మోసుకోవాల్సొచ్చింది. చలికాలంలో ఇంకో విచిత్రం. ఆకాశం తేటపడితే మంచు తన వేడినంతా పైకి వదిలేసుకుని గడ్డకట్టించే చలి పెడుతుంది. మేఘం కమ్మిందా, దుప్పటి కప్పినట్టు పాదరసం పైకి లేస్తుంది. కాబట్టి ఇక్కడ వెచ్చబడిందంటే సంతోషించడానికి లేదు. చాలాసార్లు దాని వెనకే తుఫాను ఉంటుంది.

ఆ గాలే పలకను నడిపించేది. నార్వే అన్వేషకుడు నాన్సెన్ దశాబ్దాల కిందటే లెక్క తేల్చాడు: సముద్రపు మంచు దాదాపు గాలి వేగంలో యాభయ్యో వంతుతో, గాలి పోయే దిక్కుకు కాస్త కుడివైపుగా జరుగుతుంది. నక్షత్రాలు కనపడ్డ రాత్రుల్లో ఫ్యోదొరోవ్ గడ్డకట్టే వేళ్లతో, కోణాలు కొలిచే థియోడొలైట్ తిప్పి తామెక్కడున్నామో పట్టుకునేవాడు. ధ్రువం వెనకపడింది. గ్రీన్‌లాండ్ పక్కకొచ్చింది. అక్కడ సముద్రపు ప్రవాహం కూడా తోడై పలక వడి పెరిగింది. దక్షిణానికి పోయేకొద్దీ మంచు బలం తగ్గుతుందని, అలలు మొదలవుతాయని నలుగురికీ తెలుసు. తెలిసే రోజులు లెక్కపెట్టుకున్నారు.

లెక్క ఫిబ్రవరి 1న ముగిసింది.

ఏది వదలాలి, ఏది లాగాలి? ఆహారం, పెట్రోలు, రేడియో, నోట్‌బుక్కులు. స్లెడ్జి బళ్ల మీదికి ఎక్కించారు. గుడారం నమ్మకం లేదు, మంచు ఇటుకల గదిలోకి మారాలి. ఇంతలో క్రెంకెల్ మాస్కోకు తంతి కొట్టాడు. పలక పగిలింది, ఇంత ముక్క మీద ఉన్నాం, ఇవి పోయాయి, ఇవి మిగిలాయి. సంబంధం తెగిపోతే కంగారు పడొద్దని కూడా అందులో ఉంది. చదివినవాళ్లు కంగారు పడకుండా ఎలా ఉంటారు?

ఫిబ్రవరి 5న వీళ్ల కోసం మాస్కో నుంచి వి-6 అనే ఎయిర్‌షిప్ లేచింది. మర్నాడు రాత్రి కందలాక్ష దగ్గర, మంచు కురిసే చీకట్లో, కొండను గుద్దుకుంది. 19 మందిలో 13 మంది చనిపోయారు. కాపాడాల్సిన నలుగురేమో ఇంకా బతికే ఉన్నారు. కానీ వాళ్ల కింది ముక్క రోజురోజుకూ అరుగుతోంది. మళ్లీ తుఫాను లేచింది. ఫిబ్రవరి 8న గుడారాన్ని పెకలించేసింది. చివరికి కాళ్ల కింద మిగిలింది 50 మీటర్ల పొడవు, 30 మీటర్ల వెడల్పు. అంత చోటులోనూ థర్మామీటర్ దగ్గరికి నడవడం, అంకె రాయడం, పంపడం.

కొన్నాళ్లకు దిగంతం మీద వెలుగు ఆడింది. నక్షత్రమేమో అనుకోవడానికి లేదు, అటూ ఇటూ ఊగుతోంది. వీళ్ల కోసం వస్తున్న తైమీర్ ఓడ సెర్చిలైటు. అయినా మధ్యలో మంచు అడ్డం. 16న పైలట్ వ్లాసొవ్ చిన్న విమానంలో వచ్చి దిగి కమలాపళ్లు, బీరు చేతిలో పెట్టి వెళ్లాడు. 19న తైమీర్, మూర్మన్ ఓడలు రెండూ మంచును చీల్చుకుంటూ దగ్గరికొచ్చి ఆగాయి. జెండాలు పట్టుకుని నావికులు మంచు మీద పరుగు తీశారు. క్రెంకెల్ ఆఖరి తంతి పంపాడు. మొత్తం 274 రోజులు, రెండు వేల కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం.

అప్పుడు మొదలైంది కొత్త తగువు. ఈ నలుగురు ఏ ఓడెక్కాలి? మా ఓడంటే మా ఓడని రెండు ఓడల వాళ్లూ పట్టుబట్టారు. పంచుకోవడం తప్పలేదు. పపానిన్, క్రెంకెల్ మూర్మన్ ఎక్కారు. షిర్షోవ్‌తో పాటు ఫ్యోదొరోవ్ తైమీర్ ఎక్కాడు. ఏడాది గడిచేసరికి సోవియట్ దేశపు వాతావరణ శాఖ మొత్తాన్ని అతని చేతికే అప్పగించారు.