డ్రిల్లు మాస్టారి మైదానం

కోడి రామ్మూర్తి నాయుడు పేరు చెప్పగానే గుండెల మీద ఏనుగును నిలబెట్టుకున్న మనిషి గుర్తొస్తాడు. ఊపిరి బిగబట్టి ఇనుప గొలుసులు తెంపిన కథలు గుర్తొస్తాయి. విశాఖ బీచి రోడ్డులో ఆయన విగ్రహం ఉంది, శ్రీకాకుళంలో ఆయన పేరిట స్టేడియం ఉంది. సర్కస్ డేరా వేయకముందు ఆయన చేసిన ఉద్యోగం సంగతి మాత్రం చాలామందికి తెలియదు. వీరఘట్టంలో పుట్టిన ఆ కుర్రవాడు మద్రాసు సైదాపేటలో ఏడాదిపాటు వ్యాయామ శిక్షణ పొంది, ఆ సర్టిఫికెట్టుతో విజయనగరం తిరిగొచ్చి, హైస్కూలు పిల్లల చేత కసరత్తులు చేయించాడు. కలియుగ భీముడు మొదట ఒక డ్రిల్లు మాస్టారు.

చిన్ననాటి ఆటల గురించి రాయమంటే మనం వీధిని తలచుకుంటాం. వెన్నెల రాత్రుల దాగుడుమూతలు, చింతచెట్టు కింద కోతి కొమ్మచ్చి, అరుగు మీద అష్టాచెమ్మా, వామనగుంటలు. అవన్నీ తలచుకోదగ్గవే. కానీ మెడలో విజిలు వేసుకుని, మిట్టమధ్యాహ్నం ఎండలో నెత్తిన తుండుగుడ్డ కప్పుకుని, సున్నం బక్కెటుతో మైదానం మీద వంగి గీతలు గీసిన మనిషికి ఆ జ్ఞాపకాల్లో చోటు తక్కువ. ఇది నాకు అన్యాయంగా తోస్తుంది. వీధిలో మడమతో గీసుకున్న చెడుగుడు బరిని కొలతల్లోకి తెచ్చింది ఆయన. ఎక్కడో ఓడల మీద ఆడుకునే రింగు ఆటను తెచ్చి మన పల్లెటూరి ఆడపిల్లల చేతికిచ్చింది ఆయన. తెలుగు బడి మైదానంలో రెండు చరిత్రలు కలిశాయి. కలిపింది ఆయనే.

అందులో మొదటిది మన సొంతం, చాలా పాతది. అయ్యలరాజు నారాయణామాత్యుడి 'హంసవింశతి' చదివినవారికి అందులో పిల్లల ఆటల పేర్లు బారులు తీరి కనిపిస్తాయి. గుడిగుడి కుంచం లాంటివి నిన్నమొన్నటి దాకా మన ఇళ్లలో ఆడినవే. సురవరం ప్రతాపరెడ్డి 'ఆంధ్రుల సాంఘిక చరిత్ర' రాస్తూ రాజుల యుద్ధాలను పక్కనపెట్టి ఇలాంటి ఆటలను కావ్యాల్లోంచి ఏరి తెచ్చారు. పిల్లలు ఏం ఆడుకున్నారన్నది కూడా చరిత్రేనని అంత పెద్ద మనిషి భావించడం నాకు ఎప్పటికీ గౌరవం కలిగించే విషయం. 1955లో కేంద్ర సాహిత్య అకాడమీ మొట్టమొదటి తెలుగు పురస్కారం ఆ పుస్తకానికే దక్కింది. పల్నాటి వీరగాథలోనైతే ఆట ఏకంగా కథనే మలుపు తిప్పింది. బాలచంద్రుడు ఆడుతున్న బొంగరం ఎగిరి ఒక స్త్రీ కాలికి తగిలింది, ఆమె అన్న మాటతో ఆ కుర్రవాడు కారెంపూడి రణభూమికి కదిలాడు.

ఈ పాత ఆటలకు మాస్టారు లేడు, రూలు పుస్తకం లేదు. అయినా న్యాయం ఉంది. జట్లు ఎలా పంచుకునేవాళ్లో గుర్తు తెచ్చుకోండి. ముందు ఇద్దరు పెద్ద ఆటగాళ్లు నాయకులుగా నిలబడతారు. మిగతావాళ్లలో బలానికి బలం, ఒడుపుకు ఒడుపు సరిపోయే ఇద్దరిద్దరు ఉద్దీలుగా జతకడతారు. భుజాల మీద చేతులేసుకుని కాస్త దూరం వెళ్లి గుసగుసగా చెరో పేరు పెట్టుకుంటారు. తిరిగొచ్చి, సూర్యుడు కావాలా, చంద్రుడు కావాలా అని అడుగుతారు. ఒక నాయకుడు కోరుకున్న పేరుగలవాడు అటు, రెండోవాడు ఇటు. ఈసారి కోరుకునే వంతు ఒకరిది, వచ్చేసారి రెండోవాళ్లది. ఎవరు ఎటు పోయినా రెండు జట్ల బలం ఇంచుమించు సమానం. ఇంత చక్కని ఏర్పాటును ఏ పెద్దలూ నేర్పలేదు. పిల్లల నుంచి పిల్లలకు వచ్చింది. దొంగ ఎవరో తేల్చడానికి పంటలు వేసుకోవడం, తొండి ఆడినవాణ్ని కాసేపు ఆట నుంచి వెలివేయడం, ఆయాసం వస్తే 'తూచ్' అని ఆటనే ఆపేయడం, అన్నీ ఆ శాసనంలోనివే. వెంటపడి వచ్చిన చిట్టి తమ్ముణ్ని ఏడిపించకుండా ఆటలో అరటిపండును చేసేవారు. వాడు పరుగెత్తుతాడు, అరుస్తాడు, ముట్టుకుంటే మాత్రం ఔట్ కాడు. చిన్నవాడి మనసు నొప్పించకుండా ఆటా చెడకుండా చూసిన ఆ తెలివి మీద నాకు అంతులేని ప్రేమ.

రెండో చరిత్ర సముద్రం దాటి వచ్చింది. స్వీడన్ దేశస్థుడు పెర్ హెన్రిక్ లింగ్ 1813లో స్టాక్‌హోంలో ఒక వ్యాయామ విద్యాలయం పెట్టాడు. చేతులు ముందుకు, పక్కకు, పైకి చాచుతూ లెక్కకు తగ్గట్టు చేసే కసరత్తుల పద్ధతి అక్కడ రూపుకట్టి, తర్వాత బ్రిటన్ బడుల్లోకి పాకింది. సైనికుల కవాతు దానికి తోడైంది. మన పిల్లలు 'వన్ టూ త్రీ ఫోర్' అంటూ ప్రార్థన తర్వాత చేతులాడించిన డ్రిల్లుకు అంత దూరపు మూలాలున్నాయి. ఇందులో ఆట లేదు, క్రమశిక్షణ ఉంది. అది పిల్లలకు నచ్చిందని నేననుకోను.

మార్పు వచ్చింది 1920లో. ఆ ఏడు హ్యారీ క్రో బక్ అనే అమెరికన్ మద్రాసులో వై.ఎం.సి.ఎ. వ్యాయామ కళాశాల ప్రారంభించాడు. ఆసియాలోనే మొదటిదిగా దానికి పేరు. 1924 పారిస్ ఒలింపిక్స్‌కు వెళ్లిన భారత జట్టుకు మేనేజరు కూడా ఆయనే. వై.ఎం.సి.ఎ.కూ బంతులకూ పాత చుట్టరికం ఉంది. 1891లో స్ప్రింగ్‌ఫీల్డులో జేమ్స్ నైస్మిత్ బాస్కెట్‌బాల్‌ను, 1895లో హోల్యోక్‌లో విలియం మోర్గన్ వాలీబాల్‌ను కనిపెట్టింది ఆ సంస్థ నీడలోనే. బక్ కళాశాలలో చదివినవాళ్లు కవాతు ఒక్కటే నేర్చుకుని రాలేదు, ఆటలు నేర్చుకుని వచ్చారు. మద్రాసు రాజధానిలో అప్పుడు మన కోస్తా, రాయలసీమ జిల్లాలూ ఉన్నాయి కాబట్టి ఆ చదువు మన బడులకూ చేరింది. కోస్తా పల్లెల్లో సాయంత్రమైతే చెరువు గట్టున రెండు కర్రలు పాతి, వల కట్టి వాలీబాల్ ఆడే అలవాటు వెనక ఇంత దారి ఉంది.

టెన్నికాయిట్ సంగతి ఇంకా ముచ్చటైనది. ఓడ మీద బంతి ఆడితే సముద్రంలో పడిపోతుంది. అందుకని ప్రయాణికులు డెక్కు మీద వల కట్టి రింగు విసురుకునేవారు. ఆ రింగు రబ్బరుదై మన బడులకు వచ్చింది. హైస్కూలు ఆడపిల్లలు ఎంతోమందికి పోటీగా ఆడిన మొదటి ఆట అదే. లంగా ఓణీ బొడ్లో దోపుకుని, జడలు రెండూ వెనక్కి విసిరి, ఎడమవైపు వచ్చిన రింగును ఎడమచేత్తోనే అందుకుని, క్షణం ఆగకుండా అవతలి మూలకు తిప్పి కొట్టే అక్కలను మేం గోడ మీద కూర్చుని నోళ్లు తెరుచుకుని చూసేవాళ్లం. మగపిల్లలకు మైదానం మొత్తం ఉండేది, వాళ్లకు బడి వెనక నాలుగు గజాల జాగా. ఆ జాగాను కూడా పోరాడి ఇప్పించింది డ్రిల్లు టీచరమ్మలే.

ఇక చెడుగుడు. ఇంటి ముందు ఆడినప్పుడు దీనికి ఇంతమందే అనే లెక్క లేదు. ఉన్నవాళ్లను సగం చేస్తే అదే జట్టు. ఒక ఊళ్లో ఔటైనవాడు తన జట్టు ఎవరినైనా కొడితే మళ్లీ లేచి వస్తాడు, ఇంకో ఊళ్లో జట్టంతా ఔటయ్యేదాకా లేవడు. మొదటి పద్ధతికి సంజీవని అనీ, రెండోదానికి గామిని అనీ తర్వాత పుస్తకాలు పేర్లు పెట్టాయి. రూళ్లు కుదర్చడం మహారాష్ట్ర వ్యాయామ మండళ్లు చేసిన పని, 20వ శతాబ్దం మొదటి పాతికేళ్లలో జరిగింది. మహారాష్ట్రలోని అమరావతికి చెందిన హనుమాన్ వ్యాయామ ప్రసారక్ మండలి వాళ్లు 1936 బెర్లిన్ ఒలింపిక్స్ సమయంలో కబడ్డీ ఆడి చూపించారు. చివరికి మగవాళ్ల బరి 13 మీటర్ల పొడవు, 10 మీటర్ల వెడల్పు అయింది. జట్టుకు 7గురు. కూతకు 30 సెకన్లు. నాకు మాత్రం పాత లెక్కే ఇష్టం. అప్పుడు ఊపిరే గడియారం. కూత తెగిందా లేదా అన్నదాని మీద గంటసేపు గొడవ జరిగేది, ఆ గొడవ తీర్చలేక రెండు జట్లూ డ్రిల్లు మాస్టారి దగ్గరికి పరుగెత్తేవి. ఆయన ఏం చెబితే అది. ఆ ఒక్క మాటకు ఎదురు చెప్పినవాణ్ని నేను చూడలేదు.

ఖోఖో కూడా మహారాష్ట్ర దారినే వచ్చింది. పైసా ఖర్చు లేని ఆట. రెండు గుంజలు, మధ్య గీత, అటొకరు ఇటొకరు ముఖం పెట్టి కూర్చున్న 8 మంది. తరిమేవాడు మధ్యగీత దాటకూడదు, బయల్దేరిన దిక్కు నుంచి వెనక్కి తిరగకూడదు. పారిపోయేవాడికి ఏ అడ్డూ లేదు. అంటే తరిమేవాళ్లు ఒక్కొక్కరే పరుగెత్తి గెలవలేరు, సరైన క్షణంలో కూర్చున్నవాడి వీపు తట్టి ఖో ఇచ్చి తన పరుగును వాడికి అప్పగించాలి. అందరికన్నా వేగంగా పరుగెత్తేవాడు ఈ ఆటలో తేలిగ్గా ఓడిపోతాడు, ఖో ఇవ్వడం ఆలస్యం చేస్తే. మాస్టార్లు ఈ ఆటను అంతగా ఇష్టపడటానికి కారణం అదేనని నా నమ్మకం. 40 మంది క్లాసులో నలుగురు మొనగాళ్లుంటే మిగతా 36 మందికి కూడా పని దొరికే ఆట ఇది.

బడి ఆటల్లో పరువంతా గ్రిగ్ పోటీల్లో ఉండేది. మద్రాసు రాజధానికి విద్యాశాఖ డైరెక్టరుగా పనిచేసిన హెచ్.బి. గ్రిగ్ పేరిట వెలసిన ఈ పోటీలు రాష్ట్రం విడిపోయాక కూడా ఆంధ్ర జిల్లాల్లో అదే పేరుతో సాగాయి. 'గ్రిగ్స్‌కు సెలెక్టయ్యాడు' అంటే ఊళ్లో వాడి నడకే మారిపోయేది. ఆ దొర ఎవరో పిల్లలకు తెలియదు, మాస్టార్లలోనూ కొద్దిమందికే తెలుసు. పక్కటౌనుకు బస్సులో పోవడం, వేరే బడి తరగతి గదిలో బెంచీలు జరిపి చాపలు పరుచుకుని పడుకోవడం, పొద్దున్నే ఉప్మా, గెలిస్తే షీల్డు. ఇల్లు విడిచి రాత్రి బయట పడుకోవడం ఎంతోమందికి అదే మొదలు. పెట్టెలోంచి తీసిన కొత్త బనీన్ల మీద బడి పేరు చూసుకుని మురిసిపోయిన వాళ్లు ఇప్పటికీ ఆ మురిపెం చెబుతారు.

హైదరాబాదులో మాత్రం కథ ఫుట్‌బాల్ చుట్టూ తిరిగింది. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఇప్పుడు 2024లో వచ్చిన 'మైదాన్' సినిమా వల్ల చాలామందికి తెలుసు. 1951 ఢిల్లీ, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో భారత్‌కు స్వర్ణాలు, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం ఆయన శిక్షణలో వచ్చినవే. ఆయన వృత్తి బడిపంతులు. కాచిగూడ మిడిల్ స్కూల్లో పాఠాలు చెప్పాడు, వ్యాయామ విద్యలో డిప్లొమా చేశాక దారుల్ ఉలూమ్, చాదర్‌ఘాట్ హైస్కూళ్లలో ఆటల బాధ్యత చూశాడు. డ్రిబ్లింగ్ చేయకుండా ఆడాలనీ, బలం తక్కువున్న కాలితోనే తన్నాలనీ షరతులు పెట్టి పోటీలు నడిపాడు. ఈ ఉపాయాలు చూస్తే ఆయనలోని మాస్టారు కనబడతాడు. రాని కాలితో ఆడించి ఆ కాలిని కూడా పనికి తెచ్చుకోమనడం పిల్లలతో ఏళ్ల తరబడి మెలిగినవాడికి తట్టే ఆలోచన.

ఓరుగల్లు జమ్మలమడక పిచ్చయ్యను కూడా ఇక్కడే తలచుకోవాలి. ఉన్ని బంతితో ఆడే బాల్ బ్యాడ్మింటన్ తంజావూరులో పుట్టి, ఆంధ్ర బడుల్లో ఇంటి ఆటయింది. ఖరీదైన హాలు అక్కర్లేదు, గాలికి కొట్టుకుపోయే షటిల్ కాకు అక్కర్లేదు. ఆ ఆటలో 1970లో అర్జున పురస్కారం పొందిన పిచ్చయ్య నూరేళ్లు దాటి బతికి, 2021 డిసెంబరులో కన్నుమూశారు. ఆయన ఆడిన ఆట పేరు కూడా తెలియని పిల్లలు ఇవాళ మన నగరాల్లో ఉన్నారు.

అలాగని ఆటలు చచ్చిపోయాయనే ఏడుపు నాది కాదు. కబడ్డీ 1990లో బీజింగ్ ఆసియా క్రీడల్లో పతకాల ఆటయింది, 2014 నుంచి తెలుగు టైటాన్స్ టీవీలో కనిపిస్తోంది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచకప్పును మన మగ, ఆడ జట్లు రెండూ గెలిచాయి. పురుషుల నాయకుడు ప్రతీక్ వైకర్ అల్టిమేట్ ఖోఖో లీగులో తెలుగు యోధాస్‌ను నడిపించినవాడే. నా బాధంతా బడి గురించి. ప్రతి బడికీ ఆటస్థలం ఉండాలని 2009 విద్యాహక్కు చట్టం తన షెడ్యూలులోనే రాసింది. అపార్టుమెంటు అంతస్తుల్లో నడిచే బడుల్లో అది ఎక్కడుందో వెతకాలి. మైదానం ఉన్నచోట కూడా పదో తరగతి రాగానే డ్రిల్లు పీరియడు లెక్కలకు పోతుంది. మా కాలంలోనూ పోయేది. లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని మాస్టారు గుమ్మంలో నిలబడితే క్లాసు మొత్తం ఒక్కసారిగా ఉసూరుమనేది. ఆ పిల్లల పక్షాన స్టాఫ్ రూములో ఒంటరిగా వాదించేది డ్రిల్లు మాస్టారే. జీతం, హోదా, స్టాఫ్ ఫోటోలో కుర్చీ, అన్నింటా చివర ఉండి కూడా వాదించేవాడు.

అలాంటి మాస్టార్ల చరిత్ర జిల్లాలవారీగా ఎవరైనా రాయాలి. ఆధారాలు దూరంగా ఏమీ లేవు. పాత హైస్కూళ్లలో హెడ్‌మాస్టరు గది బీరువాల మీద దుమ్ముకొట్టుకున్న షీల్డులున్నాయి, వాటి మీది చిన్న వెండి రేకుల మీద ఆట పేరూ సంవత్సరమూ చెక్కి ఉన్నాయి. జట్ల ఫోటోలున్నాయి, వాటిలో ముందు వరుసలో హెడ్‌మాస్టరు పక్కన తెల్లచొక్కాతో కూర్చున్న మనిషి ఉన్నాడు. ఆ జట్టులో ఆడి, ఇవాళ 70, 80 ఏళ్లకు చేరినవాళ్లు అదే ఊళ్లో ఉన్నారు. కొత్త భవనం కోసం పాత గదులు పడగొట్టేటప్పుడు ముందుగా బయటికి విసిరేసేది ఆ షీల్డులనే. ఈ వేసవి సెలవుల్లో సొంత ఊరు వెళ్లేవారు ఒక పూట బడికి వెళ్లి, వాటిని ఫోన్లో ఫోటో తీసి, ఆ తెల్లచొక్కా మనిషి పేరు పెద్దవాళ్లనడిగి కింద రాసిపెట్టండి.