1838 నాఁటి ఎమర్సను ధర్మోపన్యాసము — శ్రోతృభేదము

క్రీ. శ. 1838వ సంవత్సరము జూలై 15వ తేది, ఆదివారము సాయంకాలమున, అమెరికాయందలి కేంబ్రిడ్జి పట్టణములో, హార్వర్డు విశ్వవిద్యాలయమునకుఁ జేరిన ధర్మవిద్యాశాల ప్రార్థనామందిరమున రాల్ఫు వాల్డో ఎమర్సను ఒక యుపన్యాసము నిచ్చెను. ఆ యేఁడు చదువు ముగించి మతబోధకులు కానున్న విద్యార్థులు పట్టున పదిమంది లేరు. ఆతనిఁ బిలిచినవారు ఆ విద్యార్థులే, అధ్యాపకులు కారు. చదువు ముగియు వేళ నొక పెద్దను బిలిచి హితోక్తులు వినుట యచ్చటి వాడుక. వాడుకగా మొదలైన యా సాయంకాలము రెండేండ్లకుఁ బైగా సాగిన వాదమునకు బీజమయ్యెను.

అప్పటికి ఎమర్సను వయస్సు ముప్పదియైదేండ్లు. ఆతఁడు 1829లో బోస్టను నగరమున నొక దేవాలయమునకు బోధకుఁడై, ప్రభుభోజన సంస్కారమును జరుపుటకు మన స్సొప్పక 1832లో ఆ పదవిని విడిచినవాఁడు. వినవచ్చినవారు యూనిటేరియనులు, అనఁగా నీశ్వరుఁ డొక్కఁడేయనియుఁ ద్రిత్వము బైబిలునకు సమ్మతము కాదనియు వాదించువారు. పూర్వాచారపరులచేఁ బాషండులని పిలిపించుకొన్న వారికిఁ దమలోనే మఱియొక పాషండుఁడు బయలుదేఱుట యపూర్వమైన యిబ్బంది. త్రిత్వమును విడిచినను వారు విడువనిది యొకటి కలదు. క్రీస్తు చేసిన యద్భుతకార్యములు యథార్థములు. ఆయన వాక్యము ప్రమాణమగుట కవియే సాక్ష్యము. ఇది వారి సిద్ధాంతము. ఆ సాయంకాలము దెబ్బ తగిలినది సరిగా నిచ్చటనే.

ఉపన్యాసమునందలి ముఖ్యాంశము సంస్కృత శాస్త్రపరిభాషలోఁ జక్కగా నిముడును. క్రీస్తు తనయందును నరులందఱియందును ఈశ్వరుని దర్శించి, ఆ యానందావేశమున లక్షణావృత్తితోఁ బలికిన పలుకులను దరువాతివా రభిధావృత్తితో గ్రహించి, వక్తను దేవునిఁ జేసి, వక్తవ్యమును విడిచిరని యాతని యాక్షేపము. ధర్మము ప్రత్యక్షముగా నెఱుఁగఁదగినది. ఒరులనుండి యెరువు దెచ్చుకొనఁదగినది కాదు. ప్రకృతినుండి వేఱుచేసి యద్భుత మనుట యా పదమును జెఱచుటయే. పిమ్మట ఎమర్సను బోధకుల పరిస్థితికి దిగెను. తాను విన్న యొక ప్రసంగమును వర్ణించెను. వెలుపల మంచు కురియుచుండెను. కిటికీలోనుండి కానవచ్చు మంచు నిజముగాఁ దోఁచెనఁట, వేదికమీఁది బోధకుఁడు మాత్రము తోఁపలేదఁట. ఆ మనుష్యుఁడు బ్రతుకున నెన్నఁడైన నవ్వెనో యేడ్చెనో ప్రసంగమువలనఁ దెలియరాలేదఁట. రేపో మాపో వేదిక నెక్కఁబోవు పిల్లలకు నింతకంటె గుచ్చుకొను మాట యుండదు. వారి గురువులును వినుచునే యుండిరి.

క్రీస్తుని నీతిబోధను అద్భుతములనుండి వేఱుపఱుచుట యిదియే మొదలు కాదు. 1820లో కలకత్తాయందు రాజా రామమోహనరాయలు క్రీస్తు హితవాక్యములను బ్రత్యేకముగాఁ గూర్చి ముద్రింపించి శ్రీరామపురపు మిషనరీలతో వాదమునకు దిగవలసివచ్చెను. రామమోహనునిగూర్చి ఎమర్సనునకు మేనత్త మేరీ మూడీ ఎమర్సను 1822లోనే వ్రాసియుండెను. అయిన నా సాయంకాలపు మాటలకు మూలము కలకత్తాయని తేల్చుట సాహసము. పేరు వినుట వేఱు, మూలమగుట వేఱు.

విన్నవారిలో థియొడోరు పార్కరు ఒకఁడు. ఆతఁడు రెండేండ్ల క్రిందట నా విద్యాశాలలోనే చదువు ముగించి సమీపగ్రామమున బోధకుఁడుగా నుండెను. ఆ యుపన్యాస మాతని నుడికించి, సంఘము యొక్క స్థితినిగూర్చి ప్రసంగములు వ్రాయవలెనను నిశ్చయమును గల్గించెను. అట్లని గ్రుడ్డిగా మెచ్చినవాఁడు కాఁడు. ఎమర్సను కృతులలోఁ దాని నుత్తమోత్తమముగా నెన్నుచునే, అతిశయోక్తియుఁ దత్త్వదోషములును గలవని మిత్రునికి వ్రాసెను. 1841 మే 19వ తేదీన నశ్వర శాశ్వతాంశములనుగూర్చి తా నిచ్చిన ప్రసంగముతో పార్కరే యంతకు మించిన నిందను నెత్తికెత్తుకొనెను.

హెన్రీ వేరు తీరు వేఱు. ఆతఁ డా విద్యాశాల యధ్యాపకుఁడు. బోస్టను దేవాలయమున ఎమర్సనునకుఁ బూర్వపు బోధకుఁడును బెద్దదిక్కును. ఆ రాత్రి ఎమర్సనుతో మాటలాడుచు, తగిన సవరణలతోఁ గూర్చుకొన్నచో నీ మాటల కొప్పుకొనవచ్చునని యనెను. తెల్లవాఱిన పిమ్మట మనస్సు నిలువక, ఆ యంగీకార మన్నిటికిని గాదు, కొన్నిటికే యని జాబు వ్రాసెను. రాత్రి మొగమాటమున నన్న మాటను మఱునాఁడే సవరించుకొన్న యీ నిజాయితీ కొనియాడఁదగినది. సెప్టెంబరు 23వ తేదీన నీశ్వరుని పురుషత్వమును స్థాపించుచు నాతఁడు ప్రసంగించి, దాని యచ్చుప్రతిని ఎమర్సనునకే పంపెను. వాదమునకు రావలసిన యెమర్సను, తలఁపు నుడువుటకు హేతువు లెట్లు చూపుదురో తా నెఱుఁగనని అక్టోబరు 8వ తేదీన బదులు వ్రాసెను. కవి కిది చెల్లును, తార్కికునకుఁ జెల్లదు.

ఆండ్రూసు నార్టను కొంత నిదానముగా విచారింపఁదగినవాఁడు. ఆతఁడు 1830వ సంవత్సరము వఱకు నా విద్యాశాలలోఁ బవిత్రవాఙ్మయమునకు ఆచార్యుఁడు. సువార్తల ప్రామాణ్యమును నిరూపించు మహాగ్రంథము మొదటి సంపుటమును 1837లోఁ బ్రకటించెను. ఏండ్లతరబడి పాఠములను బరిశీలించి, సాక్ష్యములను గ్రుచ్చి యెత్తిన పండితుఁడు. ఆ గ్రంథము వెలువడిన మఱుసటియేఁడే యొకఁడు వచ్చి, ఆ సాక్ష్యము లక్కఱలేదని, దాను జదువు చెప్పిన చోటనే, విద్యార్థుల యెదుట పలికిపోయెను. నార్టను కోపమున కర్థము కలదు.

ఆతని ప్రశ్నయుఁ ద్రోసివేయరానిదే. అనుభవమే ప్రమాణమైనచో ననుభవమునకును భ్రాంతికిని భేదమును జూపునది యేది? శబ్దప్రమాణమును విడిచినవాఁడు తన కోరికనే యీశ్వరవాణి యనుకొనుట కడ్డేమి? ఈ ప్రశ్నకు ఎమర్సను నాఁడును సమాధానము చెప్పలేదు, పిమ్మటను జెప్పలేదు. కాని యడిగిన తీరు ప్రశ్న గౌరవమును దీసివేసెను. నార్టను ఆగష్టు 27వ తేదీన బోస్టను దినపత్రిక కెక్కి, జర్మను తాత్త్వికులను, కార్లైలును, షెల్లీని ఒక్కత్రాటఁ గట్టి యెగతాళి చేసెను. పిలిచిన విద్యార్థులును దెలియకయైనఁ దప్పులోఁ బాలుగల్గినవారే యని వ్రాసెను. గురువు శిష్యులను వీథి కీడ్చుట యే వాదమునందును శోభింపదు. 1839 జూలై 19వ తేదీన, ఉపన్యాసము జరిగి యేఁడాది నిండినపిదప, పూర్వవిద్యార్థుల సభలో దీనిని నవీన నాస్తికతయని ఖండింపఁగా, జార్జి రిప్లే ప్రత్యుత్తరములు ప్రకటించెను. 1840లో నార్టను ప్రిన్స్‌టను పండితుల వ్యాసములను దెచ్చి తన పక్షమునకుఁ బునర్ముద్రణము చేయించెను. ఆ ప్రిన్స్‌టనువారు త్రిత్వవాదులు. త్రిత్వము నేల నమ్మరాదో కారణములు చూపుచు గ్రంథము వ్రాసినవాఁ డీ నార్టనే.

విద్యాశాలవారు మెల్లఁగాఁ దప్పుకొనిరి. ఆ యభిప్రాయము లధ్యాపకులకు సమ్మతములు కావని యూనిటేరియనుల పత్రికయే ప్రకటించెను. ఎమర్సను మాఱు పలుకలేదు. పిమ్మట వ్రాసిన ‘యూరియలు’ అను కావ్యమునఁ, గొత్తమాట పలికిన పడుచు దేవతను జూచి తలలూఁపు వృద్ధదేవతల కథ యీ వృత్తాంతమునకే యన్యాపదేశమని సహృదయులు తలఁతురు. హార్వర్డువా రాతనిని మరల సమ్మానించి పట్టమిచ్చినది 1866లో. అప్పటికి వేరు చనిపోయి యిరువదిమూఁ డేండ్లు, నార్టను చనిపోయి పదుమూఁ డేండ్లు.

పాఠపరిశోధకులు గమనింపవలసిన సంగతి యొకటి యీ వృత్తాంతమునఁ గలదు. ఎలిజబెత్తు పీబాడీ తన స్మృతులలో వ్రాసిన దిది. కాలము చాలక నాఁడు చదువక విడిచిన యొక భాగమును ఎమర్సను పిమ్మట నామెకుఁ జదివి వినిపించెనఁట. తన మాటలను హద్దు మీఱి గ్రహింపవలదని హెచ్చరించు భాగ మది. దానిని దప్పక యచ్చు వేయింపవలసిన దని యామె బ్రతిమాలెను. ఎమర్స నొప్పుకొనలేదు. పెద్దలు తాము విన్నదానిపై నప్పటికే తమ యభిప్రాయమును జెప్పియున్నారు. వారు వినని వాక్యము నిప్పుడు చేర్చి వారిని దప్పుపట్టించుట న్యాయము కాదని యాతఁ డనెనఁట. ఆ భాగము లేకయే ప్రతి అచ్చయ్యెను.